కళ్ళు మూసుకోమని చెప్పే పని

ఇరవై ఆరేళ్ళు నేను చేసిన ఉద్యోగానికి మా వైపు సరైన పేరు లేదు. మదనపల్లె నుంచి కుప్పం పోయే బస్సులో పక్క సీట్లో కూర్చున్నావిడ "ఏం పని చేస్తావమ్మా?" అని అడిగితే, "ఆడవాళ్ళకు ధ్యానం నేర్పిస్తాను" అనేదాన్ని. "అంటే ఏం చేస్తావు?" అనేవాళ్ళు. "కళ్ళు మూసుకోమని చెప్తాను" అన్నాను ఒకసారి. ఆవిడ పగలబడి నవ్వింది. "కళ్ళు మూసుకోని పడుండమని మా అత్త గూడా చెప్తాది. ఆమెకెవురూ జీతం ఈలేదే!" అంది. బస్సంతా నవ్వారు. నేనూ నవ్వాను.

మదనపల్లెలో అనసూయక్క నడిపిన సాధనా కేంద్రంలో పనిచేశాను. మదనపల్లెలో రోజూ ఉదయం, పుంగనూరులో మంగళ, శుక్రవారాల మధ్యాహ్నం, కుప్పంలో శనివారం క్లాసులు. ఆడవాళ్ళకు మాత్రమే. ఊపిరిని గమనించడం, "శ్రీ మాత్రే నమః" అని అమ్మవారి నామం మెల్లగా అనుకోవడం, ఆ తర్వాత కాసేపు ఏమీ అనకుండా కూర్చోవడం. మేం నేర్పింది ఇంతే. పోయిన ఏడాది రిటైరయ్యాను. నా స్థానంలో చేరిన ఇద్దరమ్మాయిలు "మేడమ్, మీ పాఠాల నోట్సు ఇస్తారా?" అని అడిగారు. పాఠాలు ఒక పేజీకి మించవు. ఆ పేజీ ఇచ్చేశాను. అందులో పట్టనివి ఇక్కడ రాస్తున్నాను.

చాప

నేను అక్కడికి టీచరుగా రాలేదు. ముప్ఫై రెండేళ్ళ వయసులో ఏడో నెలలో నా కడుపులో బిడ్డ పోయింది. అంతకు ముందు ఇంకోసారి మూడో నెలలోనే పోయింది. డాక్టరమ్మ ఇక కష్టమని చెప్పేసింది. ఓదార్చడానికి వచ్చిన ప్రతివాళ్ళూ ఏదో ఒక కారణం చెప్పి వెళ్ళేవాళ్ళు. గ్రహణం రోజు బయటికి వచ్చావన్నారు. స్కూటరెక్కావన్నారు. గంగమ్మకు మొక్కు తీర్చలేదన్నారు. మా ఆయన మంచివాడు, కానీ మాట్లాడటం రానివాడు. ఆఫీసు నుంచి వచ్చి నా పక్కన కూర్చుని, నేను ఏడుస్తుంటే పేపరు మడతపెట్టి విప్పి, మళ్ళీ మడతపెట్టేవాడు.

పక్కింటావిడ ఒకరోజు నన్ను లాక్కెళ్ళినట్టుగా అనసూయక్క దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కకు అప్పుడే యాభై దాటి ఉంటాయి. హైస్కూల్లో లెక్కలు చెప్పి, ముందే ఉద్యోగం మానుకుని, ఒక బట్టల దుకాణం మిద్దె మీద రెండు గదులు అద్దెకు తీసుకుని క్లాసులు పెట్టింది. కాషాయం కట్టేది కాదు. మాటల్లో తియ్యదనం తక్కువ. "ఏమైంది?" అని కూడా అడగలేదు. ఒక చాప చూపించి "కూర్చో" అంది.

నేను మూడు నెలలు ఆ చాప మీద కూర్చుని ఏడ్చాను. ఎవరూ కారణం చెప్పలేదు. ఆ తర్వాత ఒకరోజు నామం అనుకుంటూ ఉండగా, అమ్మ అనే మాట నన్ను వెక్కిరించడం ఆగిపోయింది. నేను తల్లిని కాలేకపోయానన్న మాటే అప్పటిదాకా దాంట్లో వినబడేది. ఆ రోజు, నాకూ ఒక తల్లి ఉండి నన్ను చూస్తోందని వినబడింది. ఇంతకంటే వివరంగా చెప్పలేను. రెండేళ్ళ తర్వాత అక్క "కుప్పంలో క్లాసు పెడతాండాం, నువ్వు పో" అంది. అలా ఉద్యోగమైంది.

ఇది ముందే ఎందుకు చెప్పానంటే, నాకు పనికొచ్చిందే అందరికీ పనికొస్తుందని నమ్మాను. నా తప్పులన్నిటికీ మూలం ఆ నమ్మకమే.

కుప్పంలో చప్పట్లు

మొదటి శనివారం కుప్పం హాల్లోకి ఇరవైమంది దాకా వచ్చారు. ఎక్కువమంది గుడుపల్లె వైపు పూలతోటల్లో పనిచేసేవాళ్ళు. పొద్దున చీకటితోనే లేచి, పూలు కోసి, మూటలు పంపి, ఇంటి పని ముగించుకుని వచ్చారు. నేను రాత్రంతా కూర్చుని రాసుకున్న ఉపన్యాసం తీశాను. "మీలో నిద్రపోతున్న స్త్రీశక్తిని మేల్కొలపాలి" అని మొదలుపెట్టాను.

ముందు వరసలో మునెమ్మ అని ఒక బక్కపలచటి మనిషి కూర్చుని ఉంది. ఆమె చెయ్యెత్తింది.

"కోడి కూయకముందే లేసినాం టీచరమ్మా. ఇంగా ఎవుర్ని లేపల్ల?"

అందరూ నవ్వారు. నాకు చిన్నతనంగా అనిపించి, వెంటనే కళ్ళు మూసుకోమన్నాను. ఐదు నిమిషాలు గడవకముందే సగంమంది తలలు వాలిపోయాయి. మునెమ్మ గోడకు ఆనుకుని సన్నగా గురకపెడుతోంది. నేను గట్టిగా చప్పట్లు కొట్టి అందరినీ లేపాను. "ధ్యానం వేరు, నిద్ర వేరు" అని పాఠం చెప్పాను.

మరుసటి రోజు ఆ సంగతి అక్కకు కాస్త గర్వంగానే చెప్పాను. ఆమె రాస్తున్న పెన్ను ఆపింది.

"చప్పట్లు కొడితివా?"

"అవునక్కా. అందరూ నిద్రపోతే ఎట్లా?"

"చంద్రా, ఇంట్లో ఆ మునెమ్మ కూర్చుంటే ఎవురో ఒకరు పిలస్తారు. తోటలో కూర్చుంటే మేస్త్రి అరస్తాడు. ఎవురూ పిలవని అర్ధగంట ఆమెకు నీ దగ్గర దొరికింది. దాన్ని గూడా పీక్కుంటివి."

తర్వాతి శనివారం వెళ్ళి, "నిద్ర వస్తే పడుకోండి, నేను లేపను" అని చెప్పాను. ముందు నమ్మలేదు. తర్వాత ఒక్కొక్కరే చాపల మీద ఒరిగిపోయారు. మూడు వారాలు నేను చేసిన పని, వాళ్ళు నిద్రపోతుంటే తలుపు దగ్గర కూర్చుని లోపలికి ఎవరూ రాకుండా చూడటం. హాలు బయట ఒక మగాయన వచ్చి "మా ఆమె యాడ? పిలవండి" అంటే, "క్లాసులో ఉండాది, అయ్యేదాకా రాదు" అని పంపించాను. అది అబద్ధం కాదని నాకు ఇప్పటికీ గట్టి నమ్మకం.

నాలుగో శనివారం ఎవరూ నిద్రపోలేదు. మునెమ్మ నిటారుగా కూర్చుని, "ఆ మంత్రం ఏందో ఇంగోసారి చెప్పు టీచరమ్మా. అప్పుడు ఇనపడలేదు, ఇప్పుడు ఇనపడతాది" అంది.

ఆ తర్వాత స్త్రీశక్తి అనే మాట నేను క్లాసులో వాడలేదు. మాట చెడ్డదని కాదు. అలసిపోయిన మనిషి ముందు అలాంటి మాట పెడితే అది ఇంకొక పని అప్పజెప్పినట్టే ఉంటుంది.

షంషాద్ బీ

పుంగనూరులో క్లాసు ఒక కల్యాణమండపం పక్క గదిలో జరిగేది. పాలకేంద్రంలో పనిచేసే ఒకావిడ తన స్నేహితురాలిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె షంషాద్ బీ. బజారు వీధిలో చిన్న కొట్టులో మిషను మీద జాకెట్లు కుడుతుంది. భర్త లేడు. ఇద్దరు ఆడపిల్లల్ని చదివిస్తోంది. గుండె దడ, ఊపిరి పట్టేసినట్టుంటుందని చెప్పింది. డాక్టరు గుండె బాగానే ఉంది, మనసుకు విశ్రాంతి కావాలన్నాడట.

ఊపిరి పాఠం ఆమెకు రెండు క్లాసుల్లో పట్టుబడింది. మూడో క్లాసులో అందరూ నామం అందుకుంటే ఆమె పెదవులు కదల్లేదు. క్లాసయ్యాక దగ్గరికి పిలిచి, ఎంతో ఉదారంగా మాట్లాడుతున్నానని అనుకుంటూ, "ఏమీ అనుకోవద్దమ్మా, దేవుడంతా ఒకటే. అమ్మ ఎవరికైనా అమ్మే. నువ్వు కూడా ఈ నామమే అనుకో" అన్నాను. ఆమె తల ఊపి, నవ్వి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

రెండు వారాల తర్వాత అక్క రిజిస్టరు చూసి అడిగింది. జరిగింది చెప్పాను. "పో, పోయి క్షమించమని అడిగిరా" అంది.

"నేనేం తప్పుగా అనలేదే అక్కా?"

"అనలేదా? పోయి ఆమెనే అడుగు."

షంషాద్ బీ కొట్టులో మిషను ఆపకుండానే నాకు స్టూలు చూపించింది. టీ తెప్పించింది. నేను నసుగుతూ క్షమించమని అన్నాక కుట్టు ఆపింది.

"నేను కోపమొచ్చి మానుకోలేదమ్మా. మీరు అంతా ఒకటే అంటిరి. ఒకటే అయితే నేను నాది అనుకుంటే అడ్డమేముండాది? నా నోట్లో మా అమ్మీ పెట్టిన మాటలు ఉండాయి. దడ వచ్చినప్పుడు అవే వస్తాయి. వాటిని తీసేసి మీవి పెట్టుకుంటే, ఇంగా దడ పెరగతాది."

"రండి. మీ మాటలే అనుకోండి" అన్నాను.

"గట్టిగా అనను. తస్బీ చేతిలో పెట్టుకుంటా, కొంగు కింద. పర్వాలేదా?"

పర్వాలేదా అని ఆమె నన్ను అడగాల్సి రావడం నాకు సిగ్గనిపించింది. మరుసటి శుక్రవారం వచ్చింది. కిటికీ పక్కన కూర్చుంది. ఆ రోజు నుంచి నేను రిటైరయ్యేదాకా ఆమె చోటు అదే. కొంగు కింద తస్బీ పూసల మీద వేళ్ళు కదులుతుంటే, ఆమె ముఖం చూసి నేను నా ఊపిరి సరిచేసుకునేదాన్ని. ఒక నామం అందరికీ సరిపడాలని లేదు. ఎవరికి వాళ్ళ అమ్మ పెట్టిన మాట ఉంటుంది, దాన్ని ముందు అడగండి. నేను అడగడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

రామసముద్రం అమ్మాయి

ఇది రాయకుండా తప్పించుకోవచ్చు. కానీ ఇది లేకపోతే పైన రాసినవన్నీ సొంత డబ్బానే అవుతాయి.

రామసముద్రం నుంచి వెంకటమ్మ అనే ఆవిడ తన కూతురు నవీనను మదనపల్లె క్లాసుకు తీసుకొచ్చింది. నవీనకు ఇరవై రెండేళ్ళు. కాన్పు కోసం పుట్టింటికి వచ్చింది. ఆడబిడ్డ పుట్టి రెండు నెలలైంది. వెంకటమ్మ కాయకష్టం చేసి కూతుర్ని డిగ్రీ దాకా చదివించింది. "నా బిడ్డ బంగారంమాదిరి ఉండేది టీచరమ్మా. ఇప్పుడు ఊరికే ఏడస్తాది. నిద్దర పోదు. బిడ్డని ఎత్తుకోమంటే ఎత్తుకోదు. మీరు మంత్రం ఇస్తే మనసు కుదట పడతాదంట కదా" అంది.

అడగడం నేర్చుకున్నానని పైన రాసిన నేనే నవీనను ఒక్క ప్రశ్న అడగలేదు. నన్ను నిలబెట్టిన నామమే ఇచ్చాను. పొద్దున నూటెనిమిది, సాయంత్రం నూటెనిమిది, నలభై ఒక్క రోజులు చెయ్యమన్నాను. వారానికి రెండుసార్లు క్లాసుకు రమ్మన్నాను.

మూడో వారం నవీన క్లాసయ్యాక నా దగ్గరికి వచ్చింది. మెల్లగా అంది.

"టీచరమ్మా, జపం చేస్తా ఉంటే లోపల్నుంచి ఎవురో పిలస్తాండారు. వచ్చెయ్యమంటాండారు. బిడ్డ నీకు తగదు, ఆడ పెట్టేసి వచ్చెయ్ అంటాండారు."

ఆ మాట విన్న ఎవరైనా ఆ క్షణమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. నేను ఏమన్నానో దాచను. "మనసులో మలినాలు బయటికి పోతున్నాయమ్మా, భయపడొద్దు. జపం ఇంకొంచెం పెంచు" అన్నాను.

ఆ పిల్ల నన్ను నమ్మింది. పెంచింది.

తర్వాతి క్లాసుకు అక్క హాల్లోకి ఏదో పని మీద వచ్చింది. వెంకటమ్మ ఒడిలో పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. పక్కనే నవీన కళ్ళు మూసుకుని వేగంగా పెదవులు కదుపుతోంది. జాకెట్టు పాలతో తడిసిపోయి ఉంది. జడ ఎన్ని రోజుల నుంచి విప్పలేదో. నేను వెనక నుంచి చూసి, ఎంత ఏకాగ్రత అనుకున్నాను. అక్క ముందు నుంచి చూసింది.

ఆమె వెళ్ళి నవీన ఎదురుగా నేల మీద కూర్చుంది. "అమ్మా, కళ్ళు తెరు" అంది. "నిద్రపోయి ఎన్ని దినాలైంది?"

నవీన లెక్కపెట్టడానికి ప్రయత్నించింది. వేళ్ళు ముడిచి తెరిచింది. చెప్పలేకపోయింది.

"చచ్చిపోవాలని అనిపిస్తాందా తల్లీ?"

అలాంటి మాట అలా అడగొచ్చని నాకు తెలియదు. నవీన "ఊ" అంది. ఎవరో మొదటిసారి సరైన ప్రశ్న అడిగినట్టు అంత తేలిగ్గా అంది.

అక్క నా వైపు తిరగను కూడా లేదు. ఆటో పిలిపించింది. గవర్నమెంటు ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ అన్నీ అడిగి రాసుకుంది. కాన్పు తర్వాత కొందరికి ఇలా అవుతుందని, ఇది జబ్బేనని, నయమవుతుందని, కానీ ఆలస్యం చేస్తే తల్లికీ బిడ్డకీ ప్రమాదమని చెప్పింది. "నిద్ర మానుకుని జపం చెయ్యమని ఎవరు చెప్పారు?" అని అడిగింది. "నేనే" అన్నాను. ఆమె నన్ను తిట్టలేదు. "ఇంకోసారి ఇలాంటి అమ్మాయి మీ దగ్గరికి వస్తే ముందు నా దగ్గరికి పంపండి" అని మాత్రం అంది. నవీనను పెద్దాసుపత్రికి పంపారు. నెలకు పైగా అక్కడే ఉంది.

ఆసుపత్రి వరండాలో వెంకటమ్మ అన్న మాటలు మాత్రం మెత్తగా లేవు.

"దేవుని మాట చెప్తాండారని నమ్మితిమి కదమ్మా! నా బిడ్డకు ఏమన్నా అయ్యుంటే ఎవుర్ని అడగల్ల నేను? నీకు తెలీకపోతే తెలీదని చెప్పకూడదా?"

తెలియదు అని చెప్పడం

మరుసటి రోజు రాజీనామా కాగితం రాసి అక్క ముందు పెట్టాను. ఆమె చదవలేదు.

"ఒకటి అడగతా, నిజం చెప్పు. ఆ పిల్ల మీద నీకేమన్నా కోపముండాదా?"

"కోపమేంటక్కా?" అన్నాను. అన్నాక చాలాసేపు ఏడ్చాను. ఆఖరికి చెప్పాను. "బిడ్డ ఒడిలో ఉండి కూడా ఏడ్చేదేముంది అనుకున్నానక్కా. నాకు అది దొరికుంటే అనుకున్నాను. అందుకే ఆమె ఏం చెప్తోందో వినలేదు."

అక్క ఆ కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టేసింది.

"నీకు ఆ దుఃఖం తీరిపోయిందని నేను గూడా అనుకున్నా. అడగలేదు. అది నా తప్పు. నీ తప్పు నువ్వు దిద్దుకో. పని మానేస్తే ఎట్లా దిద్దుకుంటావు? ఆ పిల్ల ఇంటికి వచ్చినాక వారం వారం రామసముద్రానికి పో."

"పోయి ఏం చెయ్యాలక్కా?"

"వాళ్ళేం చెయ్యమంటే అది చెయ్. మంత్రం మాత్రం చెప్పొద్దు."

మొదటి మూడుసార్లు వెంకటమ్మ నన్ను గడప దాటనియ్యలేదు. అరుగు మీద కాసేపు కూర్చుని, బస్సెక్కి వచ్చేసేదాన్ని. నాలుగోసారి వెళ్ళేసరికి అన్ని పనులకూ ఆమె ఒక్కతే ఉంది. నవీన లోపల పడుకుని ఉంది. పొయ్యి మీద రాగి సంగటి ఉడుకుతోంది, ఉయ్యాల్లో బిడ్డ ఏడుస్తోంది. వెంకటమ్మ నన్ను చూసి, అటూ ఇటూ చూసి, బిడ్డను తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"పట్టుకో, సంగటి గెలికేసి వస్తా" అంది.

నేను అన్ని ఏళ్ళుగా ఎవరి పసిబిడ్డనూ ఎత్తుకోలేదు. బారసాలలకు పోయినా ఏదో పని కల్పించుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఆ బిడ్డ నా భుజం మీద తల వాల్చి, రెండుసార్లు వెక్కి, ఊరుకుంది. వెంకటమ్మ సంగటి ముద్దలు చేసి బయటికి వచ్చేదాకా నేను నిలబడ్డ చోటు నుంచి కదల్లేదు. ఆమె నా ముఖం చూసింది. ఏమనుకుందో ఏమో, బిడ్డను వెంటనే తీసుకోలేదు. "ఇంగొంచేపు ఎత్తుకో, నువ్వేం పరిగెత్తి పోవల్ల?" అంది. తర్వాత నాకూ ఒక ముద్ద పెట్టింది, ఊరిబిండి పచ్చడితో.

ఆ ఇంటికి నేను ఏడాది పాటు వెళ్ళాను. నవీనకు మాత్రలు పట్టాయి. ముందు నిద్ర వచ్చింది, ఆ తర్వాత ఆకలి, ఆ తర్వాత నవ్వు. ఒకరోజు బిడ్డకు నీళ్ళు పోస్తూ తనే అంది.

"మాత్రలు నిద్దర తెచ్చినాయి. ఆ నిద్దర నన్ను తెచ్చింది. మీ మీద నాకు కోపం లేదు టీచరమ్మా. కానీ ఆ మంత్రం ఇంటే మాత్రం ఇంగా భయమేస్తాది."

"వినొద్దు" అన్నాను.

మూడేళ్ళ తర్వాత ఆమె తనంతట తాను క్లాసుకు వచ్చింది. నామం లేకుండా, ఊపిరి ఒక్కటే గమనిస్తూ కూర్చుంటానంది. డాక్టరమ్మను అడిగే వచ్చానని కూడా చెప్పింది. అలాగే కూర్చునేది. ఆ బిడ్డ ఇప్పుడు కాలేజీకి పోతోంది. కనబడితే "టీచరవ్వా" అంటుంది.

కొత్తగా చేరిన అమ్మాయిలూ, ఇది మీ కోసం. ఎవరైనా నిద్ర లేదని, చావాలనిపిస్తోందని, ఎవరో పిలుస్తున్నారని అంటే చాప పక్కనబెట్టండి. అడగండి, వినండి, ఆసుపత్రికి తోడు వెళ్ళండి. భర్త కొడుతున్నాడని చెప్పిన మనిషికి ఓర్పు గురించి ధ్యానం చెప్పకండి. శాంతి అంటే ఊరుకుని పడి ఉండటం అని ఎవరైనా మీ క్లాసు నుంచి నేర్చుకుని వెళ్తే, బస్సులో ఆవిడ చెప్పిన అత్తకూ మీకూ తేడా లేదు. "నాకు తెలియదు" అని చెప్పడం సాధన చెయ్యండి. నూటెనిమిదిసార్లు చెప్పినా అరిగిపోదు.

పై అధికారుల గురించి కూడా ఒక్క మాట. మాకు ఒక కమిటీ ఉండేది. దాని పెద్దమనిషి ఒకసారి వచ్చి, "ఇన్నేళ్ళలో ఎంతమందికి మనశ్శాంతి కలిగిందో రిపోర్టు ఇవ్వండి" అన్నాడు. అక్క తెల్లకాగితం తీసుకుని, "కలిగినవాళ్ళు చెప్పలేదు, మేము అడగలేదు" అని రాసి సంతకం చేసి ఇచ్చింది. స్టేజీ కట్టి వెయ్యిమందితో ఒకేసారి జపం చేయిస్తే పేపర్లో పడుతుందన్నాడు. "వెయ్యిమందిలో ఏడ్చేవాళ్ళు నాకు కనపడరు సార్" అంది. అలాంటి బాసు దొరకడం నా అదృష్టం. మీకు దొరక్కపోతే ఆ మాట మీరే అనాల్సి వస్తుంది.

అక్క మంచం దగ్గర

నేను రిటైరవడానికి ఐదేళ్ళ ముందు అక్కకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. మాట పోయింది. మేనకోడలు ఇంట్లో పెట్టుకుని చూసుకునేది. నేను రోజూ పొద్దున క్లాసు అయిపోగానే వెళ్ళేదాన్ని.

వెళ్ళి ఆమె చెవి దగ్గర వంగి నామం చెప్పేదాన్ని. ఇన్నివేలమందికి ఇచ్చిన మాట, ఇప్పుడు ఆమె తనకు తాను అనుకోలేకపోతోంది కదా, నేనే వినిపించాలనుకున్నాను. వారం రోజులు అలా చేశాను. ఆమె తల అటు తిప్పుకునేది. సరిగా వినబడటం లేదేమోనని ఇంకా గట్టిగా చెప్పేదాన్ని.

ఒక శుక్రవారం ఆమె ఎడమ చెయ్యెత్తి నా నోరు మూసింది.

బలం లేని చెయ్యి. అయినా గట్టిగానే మూసింది. కళ్ళలో విసుగు స్పష్టంగా ఉంది. బోర్డు మీద లెక్క తప్పు చేసిన పిల్లను చూసే చూపు. నేను ఆగిపోయాను. ఆగాక ఒకటి తెలిసింది. ఆమె కోసం కాదు, నాకు భయమేసి చేస్తున్నాను ఆ జపమంతా. ఆమె లేకపోతే నేనేమవుతానని భయం.

"సరే అక్కా" అన్నాను. చెయ్యి తీసింది.

స్టూలు మీద కూర్చున్నాను. వీధిలో టమాటా లారీ వెనక్కి తీస్తున్నారు. వంటింట్లో కుక్కరు కూత పెట్టింది. మేనకోడలు ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది. అక్క పైకప్పు వైపు చూస్తోంది, నేను అక్క వైపు చూస్తున్నాను. ఇద్దరం ఏమీ అనుకోలేదు. ఎంతసేపు అలా ఉన్నామో తెలియదు. నాకు పాఠం చెప్పిన మనిషితో, పాఠం లేకుండా అంతసేపు కూర్చోవడం అదే మొదటిసారి.

ఆమె ఎడమ చేత్తో నా మోచెయ్యి తట్టి, గోడ గడియారం చూపించింది. ఒంటిగంటన్నర. మూడింటికి పుంగనూరు క్లాసు.

"ఈరోజు పోనులే అక్కా. ఫోన్ చేసి వద్దని చెప్తాను."

ఆమె మళ్ళీ గడియారం చూపించింది. ఈసారి వేలు కిందికి దించలేదు. నేను లేచేదాకా దించలేదు.

ఆ రోజు బస్సు దారిలో చెడిపోయింది. ఇంకో బస్సు పట్టుకుని పుంగనూరు చేరేసరికి మూడూ నలభై. ఎండలో పరుగులాంటి నడకతో వెళ్ళాను. అందరూ వెళ్ళిపోయి ఉంటారనుకున్నాను. గది బయట చెప్పులు వరసగా విడిచి ఉన్నాయి. లోపల చప్పుడు లేదు.

తలుపు తోశాను. పాతికమంది దాకా కళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. కొందరి పెదవులు కదులుతున్నాయి, కొందరివి కదలడం లేదు. రోజూ నేను కూర్చునే చోట పాలకేంద్రంలో కొత్తగా చేరిన ఒకామె కూర్చుని ఉంది. ఆ చోటు నాదని ఆమెకు తెలియదు. గడపలో నిలబడి అందరి వైపు చూశాను. ఎవరూ నా కోసం ఎదురుచూడటం లేదు. అంత సంతోషం నాకు ఆ ఉద్యోగంలో మరెప్పుడూ కలగలేదు.

కిటికీ పక్కన షంషాద్ బీ ఒక కన్ను తెరిచి నన్ను చూసింది. నా చెమట పట్టిన ముఖం చూసి, పక్కన కూర్చున్నామెను మోచేత్తో మెల్లగా పొడిచింది.

"రవ్వంత జరగమ్మా. టీచరమ్మ కూర్చోవల్ల" అని గుసగుసగా అంది.

వాళ్ళు జరిగారు. నేను వాళ్ళిద్దరి మధ్య కూర్చుని కళ్ళు మూసుకున్నాను.